కాకి సూపు తాగే ఫ్రెంచి సైనికులు: ఈ వ్యంగ్య ముద్రణలు నెపోలియన్ కాలానివేనా?

చిత్తుప్రతి (ఇక్కడ రాసినవాళ్లవన్నీ పెట్టుకున్న పేర్లే) అడిగిన ప్రశ్న:

నెపోలియన్ దండయాత్రల మీద, ముఖ్యంగా అతని సైన్యం పడ్డ అవస్థల మీద వేసిన వ్యంగ్య చిత్రాలు మూడు ఒకే కట్టలో ఉన్నాయి. కట్ట మీద "1799–1813, అసలు ప్రతులు" అని రాసి ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే కాగితం, సిరా, రంగు దేనికది వేరుగా ఉన్నాయి. అందుకే అనుమానం వచ్చింది.

మొదటిది రంగులద్దిన బొమ్మ. బట్టలు చిరిగి, ఎముకలు తేలిన ఫ్రెంచి సైనికులు ఒక కాకిని పంచుకుంటున్నారు. కింద రష్యన్‌లో నాలుగు పాదాల పద్యం. రెండు అంచులు బాగా కత్తిరించేశారు. మిగతా రెండు అంచుల దగ్గర కాగితం లోపలికి నొక్కుకున్న గీత సన్నగా కనబడుతోంది.

రెండోది ఈజిప్టు బొమ్మ. నది ఒడ్డున ఫ్రెంచి పండితుల మీద మొసళ్లు పడుతున్నాయి. రంగు లేదు, కాగితం మందం. కింద 12 మార్చి 1799 అని తేదీ. వింత ఏమిటంటే కాగితం వెనక వైపు పూర్తిగా వేరే బొమ్మ అచ్చయి ఉంది.

మూడోది ఇంగ్లీషు రాతలున్న బొమ్మ. మంచు రాక్షసుడు నెపోలియన్‌కి గడ్డం గీస్తుంటాడు, కత్తి మీద "రష్యన్ ఉక్కు" అని ఉంటుంది. భూతద్దంలో చూస్తే రంగుల్లో సన్నటి చుక్కలు కనిపించాయి.

ఏది ఏ కాలానిది? రష్యన్ పద్యంలో ఏముంది, కాకే ఎందుకు? మొదటి బొమ్మ మీద గోధుమరంగు మచ్చలున్నాయి, వాటిని తీయవచ్చా?

రాగిరేకు ఇచ్చిన జవాబు:

తేలికగా తేలిపోయేది మూడోది, దానితో మొదలుపెడదాం. రంగుల్లో చుక్కలు కనిపించాయంటే అది ఫొటో తీసి అచ్చువేసిన నకలు. ఇంకో పరీక్ష అక్కర్లేదు. చుక్కల తెరతో ఛాయలు అచ్చువేయడం 1880ల నుంచే వాడుకలోకి వచ్చింది. అసలు బొమ్మ విలియం ఎల్మ్స్‌ది. లండన్‌లో 111 చీప్‌సైడ్‌లో దుకాణం నడిపిన థామస్ టెగ్ దాన్ని 1812 డిసెంబరు 1న వెలువరించాడు. అందులో గీతలు మాత్రమే అచ్చు, రంగంతా చేత్తో అద్దింది. అసలు ప్రతిని పది రెట్ల భూతద్దంలో చూస్తే నల్ల గీత ఎక్కడా తెగకుండా సాగుతుంది. రంగేమో నీటి మరకలా పరుచుకుని, అక్కడక్కడ గీత దాటి బయటికి పోయి ఉంటుంది. టెగ్ బొమ్మలు చవక బేరం. రంగుతో కలిపి షిల్లింగు ధర అని చాలా రేకుల మీద, అంటే బొమ్మ అచ్చు తీసే లోహపు పలకల మీద, చెక్కించేవాడు కూడా. కాబట్టి రంగు తొందర తొందరగా పులిమినట్టు ఉంటే బెంగపడక్కర్లేదు. మరీ పొందిగ్గా ఉంటేనే ఆగి చూడాలి.

రెండోదాని దగ్గర చాలామంది పొరపడతారు. తేదీ నిజం, రేకు నిజం, గీత నిజం. ఈ కాగితం మీద అచ్చుపడిన ఏడాది మాత్రం 1799 కాదు. గీసింది జేమ్స్ గిల్‌రే, వెలువరించింది 27 సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో దుకాణం ఉన్న హానా హంఫ్రీ. 1735 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు నిలవాలంటే వెలువరించినవారి పేరు, తేదీ రేకు మీదే చెక్కాలి. హక్కు మొదట 14 ఏళ్లు, 1767 నుంచి 28 ఏళ్లు. తేదీ రేకులో ఉన్నది కాబట్టి ఆ రేకుతో ఎప్పుడు అచ్చు తీసినా అదే తేదీ పడుతుంది. గిల్‌రే 1815లో పోయాడు. ఆయన రేకులు చేతులు మారి హెన్రీ బోన్ అనే ప్రచురణకర్తకు చేరాయి. 19వ శతాబ్దం మధ్యలో బోన్ వాటితో పెద్ద సంపుటం వేశాడు. మందపాటి కాగితం, రంగు లేకపోవడం, కాగితానికి రెండు వైపులా బొమ్మలు, పై మూలన వరుస సంఖ్య, ఇవి బోన్ ప్రతుల గుర్తులు. మీది అచ్చంగా అదే. హంఫ్రీ దుకాణంలో అమ్మిన ప్రతులు ఒకవైపే అచ్చయ్యేవి, చాలావాటికి రంగులద్దేవారు. ఒక జాగ్రత్త చెప్పాలి. బోన్ ప్రతులకు తర్వాత ఎవరో రంగులద్ది, సంఖ్య ఉన్న మూల కత్తిరించినవీ తిరుగుతుంటాయి. అలాంటివాటిని వెలుగుకి ఎత్తి పట్టుకుంటే వెనక బొమ్మ నీడ తెలుస్తుంది.

ఇక మొదటిది. శ్రద్ధగా చూడాల్సింది ఇదే. బొమ్మ ఇవాన్ తెరెబెన్యోవ్‌ది, 1813 ప్రాంతం. ఆయన పీటర్స్‌బర్గ్ అకాడమీలో శిల్పం నేర్చుకున్నవాడు. 1780లో పుట్టి 1815 మొదట్లోనే పోయాడు. మీ ప్రతి ఆయన రేకు నుంచి వచ్చిందా లేదా అన్నది వరసగా ఇలా చూడండి.

ముందు గది చీకటి చేసి, టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి పట్టండి. ఎచింగ్, అంటే ఆమ్లంతో గీతలు తినిపించిన రేకు నుంచి అచ్చు, తీయాలంటే కాగితాన్ని తడిపి, సిరా పట్టించిన రాగి రేకు మీద పరిచి, రెండు రోలర్ల మధ్య నుంచి గట్టిగా లాగుతారు. కాగితం గాడిలోకి దిగి సిరాను పైకి తీసుకుంటుంది. అందుకే గీతలు కాగితం మీద సన్నటి గట్లలా లేచి ఉంటాయి, పక్క వెలుతురులో వాటి నీడ పడుతుంది. రేకు అంచు నొక్కు కూడా అప్పుడే పడుతుంది. కాగితం చిరగకుండా రేకు అంచులను ఆకురాయితో వాలుగా అరగదీసి, మూలలను కొద్దిగా గుండ్రం చేస్తారు. మీ నొక్కు మూల కత్తితో కోసినంత సూటిగా ఉంటే అనుమానించాలి. ఫొటో నకలు మీద ఖాళీ రేకుతో నొక్కు వేసి పాతదానిలా చూపిస్తారు. అలాంటి దానిలో నొక్కు ఉంటుంది, గీత మాత్రం చదునుగా ఉంటుంది. ఈ రెండూ కలిపి చూడకుండా నొక్కు ఒక్కటే నమ్మకండి.

తర్వాత భూతద్దంతో గీత చివర చూడండి. రేకు మీద మైనం, జిగురు కలిపిన పూత పూసి, దాన్ని సూదితో గీకి, ఆమ్లంలో ముంచితే గీకినచోట రాగి తినేస్తుంది. ఆమ్లం అంతటా ఒకేలా తింటుంది కనుక గీత చివర మొద్దుగా ఉంటుంది. ఉలితో చెక్కిన గీత మొదట సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నబడుతుంది. నల్లగా ఉండాల్సిన నీడల దగ్గర లేత గీతలను వార్నీషుతో మూసి, మిగతావాటిని రెండోసారి ఆమ్లంలో ముంచుతారు. అందువల్ల అసలు ఎచింగ్‌లో రెండు మూడు లోతుల గీతలు విడివిడిగా తెలుస్తాయి. అన్ని గీతలూ ఒకే నలుపులో ఉంటే నకలు కావచ్చు. ఛాయ బదులు పురుగులు పాకినట్టు ముడతల అల్లిక కనిపిస్తే అది కొలోటైపు, అంటే ఫొటో నుంచి తీసే ఒక రకం అచ్చు. రష్యాలో 1912లో నెపోలియన్ దండయాత్రకు శతాబ్ది జరిగింది, అప్పుడు ఈ బొమ్మలు ఫొటో పద్ధతుల్లో చాలా మళ్లీ వచ్చాయి. అవీ ఇప్పుడు వందేళ్లు దాటిన కాగితాలే. అందుకే పాతబడిన రూపు చూసి మోసపోవడం సులువు.

మూడో పరీక్ష రాత. నా ఉద్దేశంలో బొమ్మ కంటే ముందు చూడాల్సింది ఇదే. 1918కి ముందు రష్యన్‌లో హల్లుతో ముగిసే మాటల చివర పలకని గట్టి గుర్తు ఒకటి తప్పకుండా రాసేవారు. యాత్ అనే అక్షరం, చుక్క పెట్టిన ఇ కూడా వాడుకలో ఉండేవి. పద్యంలో ఇవి లేకపోతే అది విప్లవం తర్వాత అక్షరాలు మార్చి వేసినది. ఉంటే అసలుదని తేలిపోదు, తలుపు తెరిచే ఉందని అర్థం. ఇంకో సంగతి, రేకు మీద అక్షరాలను అద్దంలో కనిపించేలా తిరగేసి రాయాలి. అచ్చులో ఒకటి రెండు అక్షరాలు తిరగబడి ఉన్నాయంటే చేతితో రాసిన రేకు అనడానికి అది మంచి ఆనవాలు.

నాలుగోది కుడి ఎడమలు. సైనికుడు కత్తిని ఎడమ తుంటికి వేలాడదీస్తాడు. ఒక అచ్చు ప్రతిని చూసి నేరుగా కొత్త రేకు మీదికి ఎక్కిస్తే బొమ్మ తిరగబడి, అందరి కత్తులూ కుడివైపుకి పోతాయి, అందరూ ఎడమచేతి వాటం వాళ్లైపోతారు. తెరెబెన్యోవ్ బొమ్మలను అప్పట్లోనే లండన్‌లో మళ్లీ గీశారు. రష్యన్లు నెపోలియన్‌కి నాట్యం నేర్పే బొమ్మను జార్జ్ క్రూక్‌షాంక్ అలా గీయగా, హంఫ్రీ దుకాణం 1813 మే 18న వెలువరించింది. కాబట్టి తిరగబడ్డ బొమ్మ దొరికితే పారేయకండి, అది ఆ కాలంలోనే పుట్టిన నకలు కావచ్చు, దానికీ విలువుంది.

చివరిది కాగితం. వెలుగుకి పట్టి నీటిముద్ర వెతకండి. 1794 చట్టం తర్వాత ఇంగ్లీషు కాగితాల్లో ఏడాది వేయడం మామూలైంది. రష్యన్ కాగితాల్లో కూడా ఏడాది అంకెలు, మిల్లు అక్షరాలు తరచుగా ఉంటాయి. నీటిముద్ర ఏడాది చెప్పేది ఒకటే: అంతకుముందు అచ్చు కాలేదని. తర్వాత ఎప్పుడైనా అయి ఉండవచ్చు. అతినీల దీపం కింద కాగితం నీలి తెలుపులో మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉన్నట్టు, అది 20వ శతాబ్దం మధ్య తర్వాతి కాగితం.

చిత్తుప్రతి:

మొదటి బొమ్మకు చూశాను. పక్క వెలుతురులో గీతలు లేచి ఉన్నాయి, సైనికుల మోకాళ్ల దగ్గర నీడ గీతలు మిగతావాటికంటే లావు. మాట చివర గట్టి గుర్తులు ఉన్నాయి. నీటిముద్రలో 181 వరకు కనబడింది, నాలుగో అంకె కత్తిరించిన అంచులో పోయింది. దీపం కింద మెరవలేదు. రంగు ఒకచోట టోపీ దాటి ఆకాశంలోకి పోయింది.

రాగిరేకు:

అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. 1810ల కాగితం, చేత్తో చేసిన ఎచింగ్. మిగిలింది ఒక్కటే, రేకు అరుగుదల. రాగి మెత్తన, కొన్ని వందల ప్రతులు తీశాక సన్న గీతలు ముందు మాయమవుతాయి. మ్యూజియం స్కాన్ ఏదైనా పక్కన పెట్టుకుని ముఖాల మీది లేత గీతలు, దూరంగా ఉన్న వస్తువుల గీతలు పోల్చండి. అవి మీ ప్రతిలో తెగిపోయి, నీడలు మాత్రం గట్టిగా ఉంటే ఆలస్యంగా తీసిన ప్రతి. ఒక గీత పూర్తిగా వేరే వంపు తిరిగితే వేరే రేకు.

పంక్తిచదువరి ఇచ్చిన జవాబు:

పద్యం సంగతి. మాట్లాడేది చిత్రకారుడు కాదు, సైనికులే. మా గొప్ప నెపోలియన్‌తో మాకొచ్చిన కష్టం చూడండి, దండయాత్రలో ఎముకల పులుసు తినిపిస్తున్నాడు, మాస్కోలో విందులు చేద్దామనుకున్నాం, అది కుదరలేదు, కనీసం కాకి సూపైనా జుర్రుకుందాం, ఇదీ భావం. రష్యన్‌లో నపొలియోనమ్, బుల్యోనమ్ అని ప్రాస కలుస్తుంది. చక్రవర్తి పేరుకి ఎముకల రసాన్ని ప్రాసగా కట్టడంలోనే దెబ్బంతా ఉంది. పైగా ఆ రసం పేరు ఫ్రెంచి మాట. చెవితో విన్న రష్యన్ పాఠకుడికి బొమ్మ చూడకముందే నవ్వు వచ్చేది.

కాకి ఎందుకంటే, రష్యన్ కవి ఇవాన్ క్రిలోవ్ 1812లోనే ఒక నీతికథ పద్యం రాశాడు. శత్రువు వస్తున్నాడని ఊరు ఖాళీ అవుతుంటే కోడి జనంతో వెళ్లిపోతుంది. కాకి మాత్రం, కాకుల్ని ఎవరూ వండుకోరు కదా అని మాస్కోలోనే ఉండిపోతుంది. ఆకలికి తాళలేని శత్రువు చివరికి కాకినే సూపులో వేస్తాడు. అది వచ్చిన పత్రిక పేరు "పితృభూమి పుత్రుడు", 1812 అక్టోబరులో పీటర్స్‌బర్గ్‌లో మొదలైంది. తెరెబెన్యోవ్ బొమ్మ ఆ కథ తెలిసినవాళ్ల కోసం వేసింది. కథలో తెలివితక్కువ కాకి, బొమ్మలో దాన్ని తినే గతి పట్టిన సైనికుడు, ఇద్దరూ మాస్కోలో ఏదో లాభం ఉందనుకుని చెడిపోయినవాళ్లే. ఇది తెలియకుండా చూస్తే బొమ్మ ఉత్త ఆకలి బొమ్మలా కనిపిస్తుంది.

ఈ తరహా రష్యన్ బొమ్మల్లో తిండి చాలాచోట్ల యుద్ధ పటం పని చేస్తుంది. తెరెబెన్యోవ్‌దే ఇంకో బొమ్మ ఉంది, నెపోలియన్‌కి రష్యాలో విందు. అందులో అతన్ని కలూగా పిండి పీపాలో ముంచి, నోట్లో వ్యాజ్మా తీపి రొట్టె కుక్కుతుంటారు. మాస్కో మంటల మీద కాచిన స్బితెన్, అంటే తేనె, మసాలా కలిపిన వేడి పానీయం, పోస్తుంటారు. ఈ మూడూ ఆ ఊళ్ల పేరున్న తినుబండారాలు, అదే సమయంలో మూడు దెబ్బలు. 1812 సెప్టెంబరు 14న ఫ్రెంచివాళ్లు మాస్కోలో అడుగుపెట్టగానే ఊరు తగలబడింది. అక్టోబరు 19న బయటికి వచ్చి తిండి దొరికే కలూగా వైపు పోదామనుకుంటే అక్టోబరు 24న మలోయారొస్లావెత్స్ దగ్గర దారి మూసుకుంది. నవంబరు 3న వ్యాజ్మా దగ్గర మళ్లీ దెబ్బ తిన్నారు. పీపా మీది మాట చదవకపోతే ఇదంతా పోతుంది. రష్యన్ పుస్తకాల్లో ఈ తేదీలు 12 రోజులు ముందుగా ఉంటాయి, అప్పటికి వాళ్లది పాత పంచాంగం. బొరొదినో యుద్ధం మనకు సెప్టెంబరు 7, వాళ్లకు ఆగస్టు 26. శీర్షికల్లోని తేదీలు పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే లెక్క తప్పుతుంది.

సైనికుల దుస్తులు కూడా చదవాల్సినవే. నెపోలియన్ మేటి దళమైన గార్డు సైనికుల ఎత్తయిన బొచ్చు టోపీ ఒక్కటి ఉంచి, కింద అంతా చింపిరిగా గీస్తారు. టోపీ లేకపోతే వాళ్లెవరో చూసేవారికి తెలియదు, మిగతాదంతా బాగుంటే నవ్వు రాదు. తిరుగుదారిలో సైనికులు మాస్కోలో దోచుకున్న ఆడవాళ్ల శాలువలు, బొచ్చు కోట్లు నిజంగానే చుట్టుకుని నడిచారు. రష్యాలో తన గుర్రాలను తానే తినేసిన ఫ్రెంచి అశ్వికదళం తిరుగుప్రయాణం అని ఇంకో బొమ్మ ఉంది. శీర్షిక వింటే అతిశయోక్తిలా ఉంటుంది, కానీ గుర్రం మాంసం ఆ సైన్యం బతికిన తిండి. గార్డు సైనికులను స్పిరిదోనొవ్నా అనే ముసలమ్మ తోలుకుపోయే బొమ్మ కూడా అంతే. యూరప్ అంతా భయపడ్డ దళాన్ని ఒక అవ్వ చేతిలో పెట్టారు.

ఇన్ని చూశాక నాకు తోచేది ఒకటి. కాకి సూపు బొమ్మలో సైనికుడి మీద కోపం కంటే అతన్ని అక్కడికి తెచ్చినవాడి మీద కోపం ఎక్కువ. అందుకే ఫిర్యాదును సైనికుడి నోటే పలికించాడు. ఆ సైన్యంలో సగానికి దగ్గరగా ఫ్రెంచివాళ్లు కూడా కారు. పోలిష్, జర్మన్, ఇటాలియన్ దళాలు అందులో ఉన్నాయి. బొమ్మల్లో మాత్రం అందరూ ఫ్రెంచివాళ్లే.

ఈజిప్టు బొమ్మ గురించి కూడా రెండు మాటలు. అక్కడ గిల్‌రే ఒక కట్టుకథ అల్లాడు. కైరోలోని ఫ్రెంచి సంస్థకు చెందిన ఒక యువ చిత్రకారుడి బొమ్మల సంచి, మార్సేకి వెళ్తున్న ఓడలో పట్టుబడిందని, ఇవి అందులోవే అని రాశాడు. జనం నమ్మడానికి కారణం ఉంది. బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ దళం చేజిక్కించుకున్న ఫ్రెంచి సైనికుల ఉత్తరాలు నిజంగానే 1798లో లండన్‌లో అచ్చయ్యాయి, వాటి నిండా ఎండ, దాహం, ఇంటి మీద బెంగ. బోనపార్ట్ వెంట 150 మందికి పైగా పండితులు, ఇంజినీర్లు వెళ్లారు, 1798 ఆగస్టులో కైరోలో సంస్థ పెట్టారు. మీ బొమ్మలో పండితుల చేతిలోంచి జారుతున్న పుస్తకాల పేర్లు భూతద్దంతో చదవండి. ఒకటి మొసళ్లకు చదువు నేర్పడం గురించి, ఇంకొకటి మొసళ్ల హక్కుల గురించి. విప్లవం చాటిన మనిషి హక్కుల ప్రకటనకు అది తగిలించిన తోక. బోన్ ప్రతుల్లో ఈ సన్న అక్షరాలు కొంచెం మూసుకుపోయి ఉంటాయి.

ఎర్రసిరా:

పైవాళ్లు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మంచు రాక్షసుడి బొమ్మను చరిత్రగా తీసుకోకండి. దాని తేదీ 1812 డిసెంబరు 1. నెపోలియన్ స్మొర్గోన్ దగ్గర సైన్యాన్ని వదిలి పారిస్ బయల్దేరింది డిసెంబరు 5న. అంటే కథ ముగియకముందే లండన్‌లో కారణం తేల్చేశారు. డిసెంబరు 3 తేదీతో ఉన్న నెపోలియన్ 29వ బులెటిన్ (సైన్యం వార్తల అధికార ప్రకటన) కూడా నింద చలి మీదే వేసింది. శత్రువులిద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి అది నిలిచిపోయింది.

అంకెలు వేరే చెబుతాయి. ఫ్రెంచి ఇంజినీరు చార్ల్ మీనార్ 1869లో గీసిన పటం ప్రకారం రష్యా సరిహద్దులోని నీమెన్ నది దాటినవారు 4,22,000, మాస్కో చేరినవారు 1,00,000, వెనక్కి నీమెన్ దాకా వచ్చినవారు 10,000. పక్కలకు మళ్లించిన దళాలను తీసేసినా, పోయినవాళ్లలో చాలామంది మాస్కో చేరకముందే పోయారు. అవి ఎండాకాలపు నెలలు. బండ్లు సైన్యం వెనక పడిపోయాయి, మేత లేక గుర్రాలు చచ్చాయి, విరేచనాలు, టైఫస్ పట్టుకున్నాయి. గట్టి చలి నవంబరు మొదటి వారంలో వచ్చింది. నవంబరు 26 నుంచి 29 వరకు దాటిన బెరెజీనా నది గడ్డకట్టకపోవడమే పెద్ద ఆపద అయింది. గడ్డకట్టి ఉంటే వంతెనలు కట్టే పని ఉండేది కాదు.

రష్యన్ బొమ్మల్లో మంచుకు ఇంత పెద్ద వేషం ఉండదు. అక్కడ గెలిచేది గడ్డపార, పంగలకర్ర పట్టిన రైతు. వంట తిండి విషయంలో నేను పంక్తిచదువరితో ఏకీభవిస్తాను, కానీ ఆ బొమ్మలూ ఒక పని కోసం వేసినవే. "రష్యన్ స్కేవొలా"లో ఫ్రెంచివాళ్లు చేతి మీద ఎన్ అక్షరం ముద్రవేస్తే రైతు గొడ్డలితో ఆ చెయ్యి నరికేసుకుంటాడు. అది జనంలో తిరిగిన కథ, రోమన్ వీరగాథ మీద పోతపోసింది. ప్రదర్శన వివరణలో దాన్ని జరిగిన సంఘటనగా రాస్తే తప్పు. ఇవే బొమ్మల్ని చిన్నవి చేసి 1814లో పిల్లలకు అక్షరమాలగా వేశారు, 34 కార్డులు, ఒక్కో అక్షరానికి ఒక పద్యం. మీ ప్రతి అరచేతి పరిమాణంలో ఉండి పైన ఒక పెద్ద అక్షరం ఉంటే అది ఆ వరసలోది, విడి ముద్రణ కాదు.

కాగితంవైద్యం:

మచ్చల ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. మొదటిదాన్ని తడపకండి. ఆ కాలపు చేతిరంగులు నీటిలో కలిపి అద్దినవి, నీరు తగిలితే ఎరుపు, పసుపు ముందు కదులుతాయి. తెల్లబరిచే మందు అసలే వద్దు. మచ్చ పోయినట్టే పోయి, కాగితం నార బలహీనమై, కొన్నేళ్లకు అదే చోట చిరుగుతుంది, రంగులూ వెలిసిపోతాయి. మీరు చేయగలిగింది పొడి శుభ్రం ఒక్కటే. మెత్తటి కుంచెతో మధ్య నుంచి అంచులకు దుమ్ము తీయండి. రబ్బరు పొడి వాడితే రంగు లేని అంచుల మీదే, వేలితో నొక్కకుండా దొర్లించండి. వెనక పాత గమ్ టేపు ఉంటే పీకవద్దు, కాగితం పొర దానితోపాటే లేచి వస్తుంది. టేపు తీయడం, మచ్చలు తీయడం కాగితం మరమ్మతు తెలిసినవాళ్లే చేయాలి.

అమర్చేటప్పుడు ఆమ్లం లేని అట్ట వాడండి. బొమ్మను పై అంచున రెండుచోట్ల సన్నటి జపాన్ కాగితం పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీయండి. నాలుగు వైపులా అంటిస్తే తేమకు కాగితం సాగినప్పుడు నడుమ ఉబ్బుతుంది. అద్దం బొమ్మకు తగలకుండా నడుమ కిటికీ అట్ట ఉండాలి. వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి, గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉండే గదిలో ఉంచండి. ల్యామినేషన్ చేయిస్తే తిరిగి తీయలేరు. బోన్ ప్రతికి రెండు వైపులా బొమ్మ ఉంది కాబట్టి వెనక కూడా కనబడేలా రెండు కిటికీల అట్ట పెట్టండి, వెనక వైపే దాని పుట్టుకకు సాక్ష్యం.

కట్ట మీది చీటీ మార్చేటప్పుడు మూడింటికీ ఒకే ఏడాది రాయకండి. రేకు ఏడాది, ప్రతి ఏడాది విడిగా ఉండాలి. మొదటిదానికి: ఇవాన్ తెరెబెన్యోవ్, ఎచింగ్, చేతిరంగు, 1813 ప్రాంతం, కాగితం నీటిముద్ర 181, రెండు అంచులు కత్తిరించినవి. రెండోదానికి: జేమ్స్ గిల్‌రే, రేకు 1799, ప్రతి హెన్రీ బోన్ ముద్రణ, 19వ శతాబ్దం మధ్య. మూడోదానికి: విలియం ఎల్మ్స్ 1812 బొమ్మకు చుక్కల అచ్చు నకలు.

చిత్తుప్రతి:

రెండోదాని పై మూలన సంఖ్య కూడా ఉంది, ఇంతవరకు ఎవరో పెన్సిల్‌తో రాసిందనుకున్నాను. భూతద్దంలో చూస్తే అచ్చు సిరా. చీటీలు మీరు చెప్పినట్టే రాస్తున్నాను. స్కాన్‌తో ముఖాల గీతలు పోల్చి చూశాక మొదటిదానికి ఇంకో వరుస కలుపుతాను.